మూడో కిలోవాటు విలువ ఎంత? తిరుపతిలో ఒక ఇంటి సోలార్ కేసు

ఇంటి మీద సోలార్ పెట్టుకోవాలనుకునే కుటుంబాలకు కరెంటు బిల్లులు చూసి సలహా చెప్పడం నా పని. ప్యానెళ్లు అమ్మను, బిగించను. ఈ కేసు రాసిపెట్టడానికి కారణం ఉంది. ఆ కుటుంబం నా దగ్గరకు తెచ్చిన చిక్కు ఒకటి, వాళ్ల డబ్బు నిజంగా పోబోతున్న చోటు మరొకటి. మొదటిది వాళ్లకు తెలుసు. రెండోది ఎవరూ వాళ్లకు చెప్పలేదు. కుటుంబ వివరాలు కొన్ని మార్చాను, అంకెలను గుండ్రంగా సర్దాను. లెక్క నడిచిన తీరు మాత్రం ఉన్నదున్నట్టే ఉంది.

నేపథ్యం

తిరుపతిలో ఒక పాత కాలనీ, రెండు వాటాల మిద్దె ఇల్లు. కింద యజమానురాలు ఉంటారు. ఆవిడ విశ్రాంత ఉపాధ్యాయురాలు. పై వాటా అద్దెకిచ్చారు. కుమారుడికి బెంగళూరులో ఉద్యోగం, కుమార్తె పెళ్లయి చిత్తూరులో స్థిరపడింది. భర్త కొన్నేళ్ల కిందట పోయారు. కింది వాటా మీటరు ఇప్పటికీ ఆయన పేరునే నడుస్తోంది. పై వాటా కట్టినప్పుడు తీసుకున్న మీటరు ఆవిడ పేరున ఉంది. బిల్లు సకాలంలో కడుతున్నంత కాలం మీటరు ఎవరి పేరున ఉందో ఎవరూ అడగరు కాబట్టి ఇలాంటి ఇళ్లు ప్రతి వీధిలోనూ ఉంటాయి.

కింది వాటా వాడకం నెలకు సగటున 310 యూనిట్లు. ఏప్రిల్ నుంచి జూన్ దాకా ఏసీ వల్ల 420 వరకు వెళ్తుంది, చలికాలంలో 220కి దిగుతుంది. పై వాటా వాళ్లు పొద్దంతా పనుల మీద బయటే ఉంటారు, వాళ్లది 140 దాటదు.

పథకం సంగతి క్లుప్తంగా చెప్తాను. ఇంటి మీద సోలార్ పెట్టుకునేవాళ్లకు కేంద్రం రాయితీ ఇచ్చే ప్రధానమంత్రి సూర్యఘర్ పథకం 2024 ఫిబ్రవరిలో మొదలైంది. కోటి ఇళ్లు లక్ష్యం, రూ.75,021 కోట్ల కేటాయింపు. ఇంటికి ఇచ్చే రాయితీ ప్యానెళ్ల సామర్థ్యాన్ని బట్టి ఉంటుంది: మొదటి రెండు కిలోవాట్లకు కిలోవాటుకు రూ.30,000, మూడో దానికి రూ.18,000. అక్కడితో ఆగిపోతుంది. మూడు పెట్టినా పది పెట్టినా రూ.78,000కు మించి రాదు. ఆంధ్రప్రదేశ్‌లో బీసీ కుటుంబాలకు రాష్ట్రం అదనంగా కొంత ఇస్తోంది, ఎస్సీ, ఎస్టీ కుటుంబాలకు వేరే ఏర్పాటు ఉంది. ఈ కుటుంబం ఆ వర్గాల్లోకి రాదు కాబట్టి కేంద్రం రాయితీ ఒక్కటే లెక్కలోకి తీసుకున్నాం.

వాళ్లు తెచ్చిన చిక్కు

నా దగ్గరకు వచ్చేసరికే ప్యానెళ్లు బిగించే ఒక సంస్థతో మూడు కిలోవాట్లకు మాట అయిపోయింది. కొంత అడ్వాన్సు కూడా ఇచ్చారు. సంస్థవారు కింది మీటరు సర్వీసు నంబరుతో, కుమారుడి ఫోన్ నంబరుతో జాతీయ పోర్టల్‌లో దరఖాస్తు పెట్టారు. రెండు రోజుల్లో సాంకేతిక ఆమోదం వచ్చేసింది. దాంతో అంతా సవ్యంగానే ఉందని అందరూ అనుకున్నారు.

ఆ ఆమోదం దేనికి వస్తుందో తెలిస్తే అంత ధీమా పడరు. 2024లో సవరించిన విద్యుత్ వినియోగదారుల హక్కుల నిబంధనల ప్రకారం, పది కిలోవాట్ల వరకు ఇంటి సోలార్‌కు విడిగా సాంకేతిక పరిశీలన అక్కర్లేదు, దరఖాస్తు ఆమోదించినట్టే లెక్క. లైను ఆ లోడు మోయగలదా అన్న ప్రశ్నకు మాత్రమే అది జవాబు. మీటరు ఎవరి పేరున ఉందో ఆ మనిషి బతికి ఉన్నారా, రాయితీ ఎవరి ఖాతాలో పడాలి అన్నవి అక్కడ తేలవు.

తేలింది బ్యాంకులో. కుమారుడు తన పేరున సోలార్ రుణం అడిగాడు. మూడు కిలోవాట్ల వరకు ఉన్నవాటికి పూచీకత్తు లేకుండా, తక్కువ వడ్డీకి ఇచ్చే రుణం అది. కరెంటు బిల్లు మీద ఉన్న పేరూ రుణం అడిగేవారి పేరూ ఒకటి కావాలని బ్యాంకువారు తిప్పి పంపారు. కుటుంబానికి కోపం వచ్చింది. నాకైతే బ్యాంకు మేలే చేసిందనిపించింది. వీళ్లు రుణం జోలికి పోకుండా చేతి డబ్బు పెట్టి ఉంటే ప్యానెళ్లు ఎక్కేవి, సంస్థకు పూర్తి సొమ్ము వెళ్లిపోయేది. ఆ తర్వాత రాయితీ కోసం బ్యాంకు ఖాతా వివరాలు ఇచ్చేటప్పుడు ఇదే పేరు చిక్కు ఎదురయ్యేది. రాయితీ ముందు రాదు. ప్లాంటు నడవడం మొదలైనట్టు ధ్రువపత్రం వచ్చాకే, అదీ దరఖాస్తుదారు ఖాతాకే నేరుగా వస్తుంది.

దగ్గరి దారి

సంస్థ ప్రతినిధి అప్పటికే ఒక ఉపాయం చెప్పి ఉన్నాడు. పై వాటా మీటరు అమ్మగారి పేరున ఉంది, ఆవిడకు బ్యాంకు ఖాతా ఉంది, ఆధార్ ఉంది. దరఖాస్తు ఆ మీటరు మీద పెడితే నెలలో పని అయిపోతుంది, రూ.78,000 వచ్చేస్తుంది. వినడానికి బాగుంది. ఆవిడ దాదాపు ఒప్పేసుకున్నారు.

నేను అడిగింది ఒకటే. తగ్గేది ఎవరి బిల్లు? నెట్ మీటరు (లైను నుంచి తీసుకున్న కరెంటునూ, లైనుకు ఇచ్చినదాన్నీ లెక్కించే మీటరు) ఏ సర్వీసుకు, అంటే ఏ కనెక్షనుకు, పెడితే ఆ సర్వీసు బిల్లే తగ్గుతుంది. పై వాటా వాడకం 140 యూనిట్లు, అంటే విద్యుత్ ఛార్జీ సుమారు రూ.507. మూడు కిలోవాట్లు నెలకు 360 యూనిట్ల దాకా ఇస్తాయి. అందులో 140 మాత్రమే అక్కడ ఖర్చవుతాయి, మిగతాదంతా గ్రిడ్‌లోకి, అంటే బయటి కరెంటు లైన్లలోకి పోతుంది. మిగులు యూనిట్లకు లెక్క తేల్చి చెల్లించే ధర, మనం పై స్లాబులో (వాడకం పెరిగేకొద్దీ యూనిట్ ధర పెరిగే మెట్టులో) కొనే ధర ముందు చాలా చిన్నది. పైగా ఆ రూ.507 మిగిలేది అద్దెకున్నవాళ్లకు. అద్దెలో కలిపి రాబట్టుకోవచ్చని కుమారుడు అన్నాడు. సరే, రాబట్టుకున్నా గరిష్ఠంగా ఏడాదికి ఆరు వేలు.

కింది వాటా వైరింగును పై మీటరుకు కలిపేస్తే సరిపోతుంది కదా అన్నది ప్రతినిధి రెండో సూచన. దాన్ని వెంటనే వద్దన్నాను. ఒక సర్వీసు నుంచి మరో వాటాకు కరెంటు ఇవ్వడం తనిఖీలో పట్టుబడే పని. దాని మీద ప్రభుత్వ రాయితీ కట్టుకోవడం మరీ ప్రమాదం. రెండు మీటర్లనూ చట్టప్రకారమే ఒకటిగా చేయించుకుంటే? 450 యూనిట్లు ఒకే బిల్లులోకి వచ్చి, ఇప్పుడు చవక స్లాబుల్లో ఉన్న పై వాటా యూనిట్లన్నీ రూ.8.75, రూ.9.75 స్లాబుల్లోకి ఎక్కేస్తాయి. రెండు మీటర్లు ఉండటం ఈ ఇంటికి ఇప్పటికే ఒక లాభం, దాన్ని పోగొట్టుకోకూడదు.

కాబట్టి పేరు మార్పు తప్ప దారి లేదు.

పేరు మార్పు, ఒక సంతకం

మొదటి ప్రయత్నం కుమారుడే చేశాడు. తండ్రి మరణ ధ్రువపత్రం, తన ప్రమాణపత్రం జతచేసి తన పేరుకు మార్చమని అడిగాడు. మిగతా వారసుల అంగీకారం లేదని దరఖాస్తు వెనక్కి వచ్చింది. అప్పుడు రెండు విషయాలు తేల్చుకోవాల్సి వచ్చింది. ఎవరి పేరుకు మార్చాలి? మిగతావాళ్ల సంతకాలు ఎలా తేవాలి?

కుమారుడి పేరున ఉంటే రుణం సులువు. అయినా నేను తల్లి పేరే సూచించాను. ఇంట్లో ఉండేది ఆవిడ, పింఛను ఖాతా ఈ ఊళ్లోనే ఉంది, నెట్ మీటరు తనిఖీకి వచ్చినప్పుడు తలుపు తీసేది ఆవిడే. అంతకంటే పెద్ద కారణం కుమార్తె. అన్న పేరుకు మారుస్తుంటే ఆమెకు కలిగే అనుమానం, అమ్మ పేరుకు మారుస్తుంటే కలగదు.

అయినా కలిగింది. నిరభ్యంతర పత్రం మీద సంతకం చేస్తే రేపు ఇంట్లో తన భాగం వదులుకున్నట్టు అవుతుందేమోనని ఆమె చిత్తూరు నుంచి ఫోన్ చేసి నేరుగా నన్నే అడిగింది. అడగాల్సిన ప్రశ్నే. కరెంటు బిల్లు ఆస్తి హక్కుకు రుజువు కాదు, కానీ కాగితంలో ఏం రాసి ఉందో చూడకుండా సంతకం చేయమని నేను ఎవరికీ చెప్పను. వాళ్లకు ఎవరో రాసిచ్చిన నమూనాలో “నాకు ఎలాంటి హక్కులూ అభ్యంతరాలూ లేవు” అని గంపగుత్తగా ఉంది. న్యాయవాదితో దాన్ని తిరగరాయించాం: ఫలానా సర్వీసు నంబరు పేరు మార్పునకు మాత్రమే అంగీకారం, ఆస్తిలో వారసత్వ హక్కుకు దీనితో సంబంధం లేదు. ఆ వాక్యం చూశాక ఆమె మరునాడే సంతకం చేసి పంపింది. వారాల తరబడి ఆగిన పని ఒక వాక్యంతో కదిలింది. ఇలాంటి కేసుల్లో సాంకేతిక లోపాలకంటే ఇంటివాళ్ల మధ్య చెప్పుకోని అనుమానాలే ఎక్కువ కాలం తింటాయి.

కుటుంబ సభ్యుల ధ్రువపత్రం వార్డు సచివాలయం ద్వారా పెట్టుకున్నారు. పేరు మార్పు దరఖాస్తులో ఆవిడ పేరును బ్యాంకు పాస్‌బుక్కులో ఉన్నట్టే, ఇంటిపేరు పూర్తిగా రాసి ఇమ్మన్నాను. మన పేర్లలో ఇంటిపేరు ఒకచోట పొడి అక్షరంగా, ఒకచోట చివర, ఒకచోట ముందు ఉంటుంది. మూడు కాగితాల్లో మూడు రకాలుగా ఉంటే రాయితీ చివరి మెట్టు మీద ఆగుతుంది.

ఈలోగా అసలు లెక్క

కాగితాలు తిరుగుతున్న ఆ వ్యవధిలో పన్నెండు నెలల బిల్లులు తెప్పించుకున్నాను. మూడు కిలోవాట్లు ఎందుకు ఎంచుకున్నారని అడిగితే, “రాయితీ పూర్తిగా వచ్చేది దానికేనట కదా” అన్నారు ఆవిడ. రూ.18,000 వదులుకోవడం ఎందుకన్నది ఆలోచన. వినడానికి సబబుగానే ఉంటుంది. కానీ ఆ రూ.18,000 అందుకోవడానికి మనం జేబులోంచి ఎంత పెట్టాలో, పెట్టినదానికి నెలకు ఎంత తిరిగి వస్తుందో చూడాలి కదా.

ఇక్కడ మన టారిఫ్ స్వభావం అర్థం కావాలి. ఆంధ్రప్రదేశ్‌లో ఇళ్లకు మెట్ల పద్ధతి. ఈ కేసు నాటికి మొదటి 30 యూనిట్లు రూ.1.90, తర్వాత 75 దాకా రూ.3, 125 దాకా రూ.4.50, 225 దాకా రూ.6, 400 దాకా రూ.8.75, ఆపైన రూ.9.75. సోలార్ యూనిట్లు బిల్లును పైమెట్టు నుంచి కిందికి తొలుస్తూ వస్తాయి. ముందుగా తగ్గేవి అన్నిటికంటే ఖరీదైన యూనిట్లు. అందుకని ఒకే ధరకు కొన్న మూడు కిలోవాట్లు ఒకే మేలు చేయవు.

మన ప్రాంతంలో కిలోవాటుకు రోజుకు సగటున నాలుగు యూనిట్లు, నెలకు 120 అనుకోవచ్చు. 310 యూనిట్ల బిల్లు మీద మొదటి కిలోవాటు 85 యూనిట్లను రూ.8.75 ధర దగ్గర, 35 యూనిట్లను రూ.6 దగ్గర కోసేస్తుంది. అంటే నెలకు రూ.954. రెండో కిలోవాటు ఆరు రూపాయల మెట్టులో మిగిలిన 65 యూనిట్లు, నాలుగున్నర మెట్టులోని 50, మూడు రూపాయల మెట్టులో 5 కోస్తుంది. అది రూ.630. అప్పటికి బిల్లులో మిగిలింది 70 యూనిట్లు, అన్నీ చవకవే. మూడో కిలోవాటు వాటిని మొత్తం తుడిచేసినా ఆదా రూ.177. మిగతా 50 యూనిట్లు గ్రిడ్‌కు.

ఆవిడ లెక్కల టీచరు. కాగితం నా చేతిలోంచి తీసుకుని స్వయంగా మళ్లీ వేశారు. రూ.177 దగ్గర ఆగి, “ఇది ఎవరూ చెప్పలేదే” అన్నారు.

సగటు మీద వేసిన లెక్క కాబట్టి రుతువులను కూడా చూశాం. వేసవిలో 420 యూనిట్ల నెలకు ఛార్జీ రూ.2,743. రెండు కిలోవాట్లు 260 యూనిట్లు ఇస్తే మిగిలే 160కి రూ.627. ఆ నెలల్లో మూడోది మరో రూ.570 మిగులుస్తుంది. చలికాలంలో దాని ఆదా దాదాపు సున్నా. మనకు ఈశాన్య రుతుపవనాల వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడతాయి, అప్పుడు ఉత్పత్తి తగ్గుతుంది, కానీ వాడకం కూడా అప్పుడే తక్కువ. ఏడాది మొత్తానికి మూడో కిలోవాటు తెచ్చేది రూ.2,500 పైచిలుకు. దానికి అదనంగా అడిగిన ధర రూ.50,000, రాయితీ పోను రూ.32,000. తిరిగి రావడానికి పన్నెండేళ్లు పట్టవచ్చు. మొదటి రెండింటికి రాయితీ పోను పడే ఖర్చు రూ.80,000, ఏడాదికి ఆదా రూ.18,000 దాకా. నాలుగున్నర ఏళ్లలో తీరిపోతుంది.

ప్రభుత్వం కూడా మూడో కిలోవాటుకు తక్కువే ఇస్తోందన్నది గమనించాలి. మొదటి రెండింటికి ప్రామాణిక ధరలో 60 శాతం, మూడోదానికి 40 శాతం. రాయితీ కూడా మెట్లు దిగుతూనే ఉంది. అయినా అమ్మేవాళ్ల కరపత్రాల్లో పెద్ద అక్షరాలతో కనిపించేది రూ.78,000 ఒక్కటే.

కుమారుడు దీనికి ఒప్పుకోలేదు. రెండేళ్లలో తాను తిరుపతికి వచ్చేస్తానని, ఇంకో ఏసీ, విద్యుత్ స్కూటరు వస్తాయని, అప్పుడు మళ్లీ పని పెట్టుకోవాలా అని వాదించాడు. వాదనలో బలం ఉంది. రాని మనిషి వాడకానికి ఇప్పుడే డబ్బు పెట్టడం ఎందుకన్నది తల్లి మాట. చివరికి మధ్యే మార్గం కుదిరింది. రెండు కిలోవాట్ల ప్యానెళ్లు, మూడు కిలోవాట్ల ఇన్వర్టరు (ప్యానెళ్ల కరెంటును ఇంటికి పనికొచ్చే కరెంటుగా మార్చే పెట్టె), ఇనుప చట్రంలో మరో రెండు ప్యానెళ్లకు చోటు. ఇన్వర్టరు తేడాకు అయ్యే కొద్దిపాటి సొమ్ము, రేపటి అవకాశానికి కట్టే ధరగా నాకు సమంజసంగా తోచింది. రాయితీ లెక్క ప్యానెళ్ల సామర్థ్యం, ఇన్వర్టరు సామర్థ్యం రెండింటిలో ఏది తక్కువైతే దాని మీద వేస్తారు కాబట్టి పెద్ద ఇన్వర్టరు వల్ల రాయితీ పెరగదు, తరగదు.

బిగింపు

పాత దరఖాస్తును రద్దు చేయించి ఆవిడ పేరున కొత్తది పెట్టారు. సంస్థ మొదట అడ్వాన్సు మీద పేచీ పెట్టినా తర్వాత సర్దుబాటు చేసుకుంది. ధర ప్రతిపాదనలో ప్యానెళ్ల వాట్లు మాత్రమే రాసి ఉన్నాయి. దేశంలో తయారైన సెల్స్‌తో చేసిన ప్యానెళ్లకే ఈ రాయితీ వర్తిస్తుంది. బయటి సెల్స్‌తో చేసినవి చవక, చూడటానికి తేడా తెలియదు. డీసీఆర్ ప్యానెళ్లు (దేశీయ సెల్స్‌తో చేసినవాటికి వాడే పేరు) అని, వాటి సీరియల్ నంబర్లు ఇస్తామని ఒప్పందంలో రాయించాం. చివరి 20 శాతం సొమ్ము నెట్ మీటరు తిరగడం మొదలయ్యాకే అన్న షరతు కూడా పెట్టాం. దాని వల్లే నెట్ మీటరు పని కోసం సంస్థవారు తామే వెంటపడ్డారు.

నీడ విషయంలో ఒక మాట. తిరుమల కొండలు ఊరికి ఉత్తరాన ఉన్నాయి కాబట్టి దక్షిణం వైపు తిరిగే ప్యానెళ్లకు వాటి అడ్డు లేదు. పక్కింటి మెట్ల గదే ఈ మిద్దెకు దక్షిణాన ఉంది. మూడు మీటర్ల ఎత్తు గోడ డిసెంబరు మిట్టమధ్యాహ్నం రెండు మీటర్లకు పైగా నీడ వేస్తుంది. సంస్థవారు వేసవిలో చూసి గీసిన నక్షాలో ముందు వరుస సరిగ్గా ఆ నీడలో ఉంది. మూడు కిలోవాట్లయితే అంతకంటే వెనక్కి జరిపే చోటు లేదు. రెండుకు తగ్గించడంతో ప్రస్తుతానికి ఆ చిక్కు దానంతటదే పోయింది.

కరెంటు పోయినప్పుడు సోలార్ పనిచేస్తుందని ఆవిడ అనుకున్నారు. గ్రిడ్ ఆగితే ఈ రకం ఇన్వర్టరూ ఆగుతుంది, లైను మీద పనిచేసేవాళ్ల ప్రాణరక్షణ కోసం అలా చేస్తారు. అందుకని పాత బ్యాటరీ ఇన్వర్టరును తీసేయవద్దని చెప్పాను.

ఫలితం

తనిఖీ అయి ధ్రువపత్రం వచ్చాక పోర్టల్‌లో ఖాతా వివరాలు ఇచ్చి, రాయితీ కోసం విడిగా అభ్యర్థన నొక్కాలి. చాలామంది ఇక్కడ ఆగిపోయి, డబ్బు రాలేదని ఎదురుచూస్తుంటారు. ఆవిడ ఖాతాలో నెల తిరక్కుండానే రాయితీ పడింది. మొదటి బిల్లు చూసి సున్నా రాలేదేమని అడిగారు. స్థిర ఛార్జీలు, మిగిలిన యూనిట్లు, వాటి మీద సుంకం ఉంటాయి. గ్రిడ్ నుంచి తీసుకున్నవి, గ్రిడ్‌కు ఇచ్చినవి వేర్వేరుగా ఎక్కడ ఉంటాయో చూపించాను. ఇప్పుడు ప్రతి నెలా ఆవిడే నోటుపుస్తకంలో రాసుకుంటున్నారు. మే నెల వాడకం అంచనాకు దగ్గరగానే వచ్చింది, విద్యుత్ ఛార్జీ రూ.700 లోపు.

ఈ కేసు విని రెండు కిలోవాట్లే అందరికీ సరి అనుకోవద్దు. అదే కాలనీలో నెలకు 500 యూనిట్లు వాడే మరో కుటుంబం తర్వాత వచ్చింది. వాళ్ల బిల్లులో రెండు కిలోవాట్లు పోయాక ఇంకా 260 యూనిట్లు మిగులుతాయి. మూడోది అందులో 35 యూనిట్లను రూ.8.75 దగ్గర, 85 యూనిట్లను రూ.6 దగ్గర తగ్గిస్తుంది, నెలకు రూ.816. వాళ్లకు మూడు కిలోవాట్లే పెట్టించుకోమన్నాను. వాళ్ల మీటరు ఎవరి పేరున ఉందో అడిగితే తాతగారి పేరు చెప్పారు.